ఒకటి రెండు చోట్ల



నాది రొద్దం. బడిలో పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. కొంత మెట్టచేను ఉంది. అందులో శెనక్కాయ, మధ్యమధ్య కంది సాళ్ళు. ఇప్పుడు అనూరాధ కార్తె నడుస్తోంది. చెట్టు పీకి, కాయ విడిపించి, కట్టె కుప్పలు వేసుకున్నవాళ్ళు ఉన్నారు. ఆలస్యంగా విత్తి ఇంకా పీకనివాళ్ళూ ఉన్నారు. మొన్న పొద్దున బస్టాండు దగ్గర టీ తాగుతుంటే మా ఊరి రైతు ఒకాయన పక్కన కూర్చుని అడిగినాడు.

"ఏం సార్, వానంటాండారు. వస్తాదా, రాదా? ఒక్క మాట చెప్పండి, దాన్నిబట్టి కట్టె వామేసుకుంటా."

ఒక్క మాటలో చెప్పలేకపోయాను. ఆ రోజు బులెటిన్‌లో ఉన్నది ఇది: రాయలసీమలో ఒకటి రెండు చోట్ల తేలికపాటి నుంచి మోస్తరు వర్షాలు కురిసే అవకాశం ఉంది. అదే చదివి వినిపించాను. "ఆ ఒకటి రెండు చోట్లలో మనూరు ఉందా, ల్యాదా?" అన్నాడు. కడుపులోంచి వచ్చిన ప్రశ్న అది. ఏడాది పశువుల మేత ఆ కుప్పలో ఉంది. ఆయనకు ఆ రోజు ఇవ్వలేని జవాబు ఇవాళ శ్రోతలైన మీ అందరి ముందూ చెప్పాలని వచ్చాను.

మన పెద్దలు వానలను ముంగారు, ఇంగారు అని రెండుగా విడదీశారు. ముంగారు అంటే నైరుతి, ఇంగారు అంటే ఈశాన్యం. ఉమ్మడి అనంతపురం జిల్లాకు ఏడాదికి సాధారణ వర్షపాతం 550 మిల్లీమీటర్లకు కాస్త పైన. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ముంగారు ఇచ్చేది 338, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇంగారు ఇచ్చేది 156. ఈ రెండూ మన దగ్గరికి వచ్చేసరికి అలసిపోయి ఉంటాయి. పడమటి సముద్రం మబ్బు సహ్యాద్రి కొండలకు నీళ్ళన్నీ కుమ్మరించి, తేలికై ఇటు దిగుతుంది. తూర్పు సముద్రం రొద్దానికి దాదాపు 290 కిలోమీటర్లు. మధ్యలో వెలికొండలు, పాలకొండలు, శేషాచలం కొండలు అడ్డం. రెండు సముద్రాలు వడ్డించే బంతిలో మనది చివరి విస్తరి. గరిటెలో మిగిలిందే మనకు పడుతుంది.

అయినా ఆ 156 మిల్లీమీటర్లను తక్కువగా చూడకూడదు. చెరువు నిండేదీ, బోరులో నీళ్ళు ఊరేదీ, కంది కాయ పట్టేదీ, వేసవిలో మల్బరీ తోట బతికేదీ దానితోనే. ముంగారు పంటను మొలిపిస్తుంది. ఇంగారు ఊరిని నిలబెడుతుంది. మా ఇంట్లో పెద్దవాళ్ళు స్వాతి కార్తెలో పడిన వానకు చేతులెత్తి దండం పెట్టేవాళ్ళు.

పెన్న నది సంగతి చూడండి. నంది కొండల్లో పుట్టి, ఉత్తరానికి పారి, గౌరిబిదనూరు దాటి హిందూపురం వైపు మన రాష్ట్రంలోకి అడుగుపెడుతుంది. పరిగి మండలంలో సంగమేశ్వరంపల్లి దగ్గర జయమంగళి వచ్చి కలుస్తుంది. ఆ తర్వాత మా రొద్దం. పేరుకు ఏటి ఒడ్డు ఊరు, కాని ఏడాదిలో ఎక్కువ రోజులు మాకు కనబడేది ఇసుకే. ఈ నది రాకపోకలు నమ్మలేమన్నది ఇవాళ తెలిసిన విషయం కాదు. గౌరిబిదనూరు దగ్గర కల్లుడిలో 1388 నాటి శాసనం ఒకటి ఉంది. రెండో హరిహరరాయల కాలంలో పెనుకొండను ఏలుతున్న బుక్కరాయలు, జలసూత్రం తెలిసిన సింగాయ భట్టును పిలిచి, పెన్న నీళ్ళను పెనుకొండకు తెమ్మని ఆజ్ఞాపించాడు. ఆయన కల్లుడి నుంచి సిరువేర చెరువుకు కాలువ తెచ్చాడు. ఆ కాలువకు ప్రతాప బుక్కరాయ మండల కాలువ అని పేరు పెట్టారు. వాన ఎప్పుడు, ఎక్కడ పడుతుందో తెలియనివాళ్ళు చేసిన పని అది. ఎక్కడ పడినా పట్టుకునే దారి వేసుకున్నారు. ఆరు వందల ఏళ్ళు దాటినా ఆ రాతి మీది మాట చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

సరే, చలికాలం వాన ఎందుకంత అనుమానం? ముంగారుకు ఒక పెద్ద గాలి ఉంటుంది. నెలల తరబడి ఒకే దిక్కు నుంచి వీస్తుంది. ఇంగారు అలా కాదు. మనకు ఇది బంగాళాఖాతంలో పుట్టే నాలుగైదు అల్పపీడనాల మీద ఆధారపడిన వాన. వాటిలో ఒక్కటి మన దారి పట్టినా చాలు, కాలం గట్టెక్కుతుంది. అన్నీ పక్కదారి పడితే ఏడాది పోయినట్టే. నాగపట్నం వైపు దాటితే మనకు ముసురు, తుంపర. మచిలీపట్నం, బాపట్ల వైపు పైకి పోతే మనకు మిగిలేది ఎక్కువగా మబ్బూ చలిగాలే. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. దానికి ముందే నెల్లూరు, తిరుపతి ప్రాంతాలను ముంచెత్తింది. చెన్నైకి అటూ ఇటూ దాటి, చిత్తూరు, మదనపల్లె, కదిరి మీదుగా పడమరకు నడిచిందా, అప్పుడు మన పంట పండినట్టు. లేదా మన కొంప మునిగినట్టు. మూడు రోజుల ముందు వేసిన దారి గీతలో నూరు కిలోమీటర్ల తేడా రావడం మామూలే. ఆ నూరు కిలోమీటర్లే రొద్దంలో తడికీ పొడికీ ఉన్న దూరం.

2021ని మీరెవరూ మరిచిపోయి ఉండరు. ఆ ఏడాది పసిఫిక్ మహాసముద్రంలో లా నినా ఉంది. సాధారణంగా ఎల్ నినో ఏడాది ముంగారు తగ్గి ఇంగారు పుంజుకుంటుంది, లా నినా ఏడాది అది తలకిందులవుతుంది అని లెక్క. ఆ లెక్కన 2021 ఇంగారు నీరసంగా ఉండాలి. నవంబరు 19 తెల్లవారుజామున ఒక వాయుగుండం పుదుచ్చేరి, చెన్నై మధ్య తీరం దాటింది. అది తుపాను కూడా కాదు, దానికి పేరు కూడా పెట్టలేదు. దాటినాక చప్పున చల్లారకుండా మనవైపు నడిచింది. కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి పల్లెలు కొట్టుకుపోయాయి. చిత్రావతి పొంగి, చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర నీళ్ళ నడుమ చిక్కుకున్నవాళ్ళను వాయుసేన హెలికాప్టరు వచ్చి పైకి తీసుకుంది. కదిరిలో రాత్రివేళ భవనం కూలి, నిద్రలో ఉన్న పిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ పసివాళ్ళను తలుచుకుంటే ఇప్పటికీ నా గొంతు పట్టుకుంటుంది. దక్షిణాది మొత్తం మీద ఆ మూడు నెలల్లో సాధారణానికి ఒకటిన్నర రెట్లు దాటి కురిసింది. తిరిగి 2023 ఎల్ నినో ఏడాది. లెక్క ప్రకారం ఇంగారు బాగుండాలి. ఆ అక్టోబరులో దక్షిణాది ఆకాశం ముఖం చాటేసింది.

అంటే లెక్క తప్పని కాదు. ఆ లెక్క చెప్పేది మొగ్గును మాత్రమే. భారత వాతావరణ శాఖ ఏటా ఇంగారు మొదలయ్యే ముందు ఒక అంచనా ఇస్తుంది. దక్షిణాదిలో అక్టోబరు, నవంబరు, డిసెంబరు మూడు నెలలకూ 1971 నుంచి 2020 దాకా సగటు 334 మిల్లీమీటర్లు. ఆ ఏళ్ళన్నిటినీ తక్కువ వాన నుంచి ఎక్కువ వానకు వరసగా పేర్చి మూడు సమాన భాగాలు చేశామనుకోండి: కింది భాగం, నడిమి భాగం, పై భాగం. ఏ సమాచారమూ లేకపోతే ఒక్కో భాగానికి నూటికి 33 పాళ్ళ అవకాశం. సముద్రాల వేడి చూసి వాతావరణ శాఖ ఆ పాళ్ళను కాస్త అటో ఇటో జరుపుతుంది. పై భాగానికి 33 కాస్తా 45 అయితే ‘సాధారణం కంటే ఎక్కువ పడే అవకాశం’ అని వార్త వస్తుంది. కాని అలాంటి నూరు ఏళ్ళలో 55 ఏళ్ళు అలా జరగవని కూడా ఆ మాటలోనే ఉంది. పత్రికలో ఆ సగం రాదు. మనం వినం కూడా. ఆశ వినదు.

ఈ అనిశ్చితిని జీవితమంతా చదివిన ఒక శాస్త్రవేత్త ఇంటిపేరు మా ఊరి పేరే. రొద్దం నరసింహ గారు. 1933లో పుట్టారు, బెంగళూరులో చదివారు, సతీశ్ ధావన్ గారి శిష్యులు. అమెరికాలో కాల్‌టెక్ నుంచి 1961లో డాక్టరేటు పొంది, తిరిగి వచ్చి బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో పాఠం చెప్పారు. 2013లో పద్మవిభూషణ్ అందుకున్నారు, 2020 డిసెంబరు 14న కన్నుమూశారు. విమానం రెక్క మీద గాలి ఎలా జారుతుందో చూడటంతో మొదలుపెట్టి, ఆ గాలి వెంటే మబ్బులోకి నడిచారు. 1982లో ఆ సంస్థలో వాతావరణ శాస్త్ర కేంద్రాన్ని మొదలుపెట్టింది ఆయనే. 1990లో రుతుపవన ద్రోణి కింద నేలను అంటుకుని వీచే గాలిని కొలవడానికి జోధ్‌పూర్, ఢిల్లీ, వారణాసి, ఖరగ్‌పూర్‌లలో ముప్పై మీటర్ల స్తంభాలు నిలబెట్టి పెద్ద ప్రయోగం చేశారు. దాని వెనుక ఆయన పూనిక ఉంది. మన బడిపిల్లల్లో ఎంతమందికి ఈ పేరు తెలుసో అనుకుంటే బాధగా ఉంటుంది.

ఆయన చదివింది ఏమిటో తెలుసుకోవాలంటే దేవుడి గూట్లో ఊదుకడ్డి వెలిగించి చూడండి. కిటికీ మూసి, కదలకుండా కూర్చోండి. పొగ జానెడు ఎత్తు దాకా దారంలా నిటారుగా లేస్తుంది. ఉన్నట్టుండి వణికి, మెలికలు తిరిగి, చెదిరిపోతుంది. ఏ మెలిక ఎటు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు. రేపు మళ్ళీ వెలిగిస్తే పొగ మెలిక తిరుగుతుందని చెప్పగలం. ఆ మెలికే తిరుగుతుందని చెప్పలేం. మబ్బు కూడా అలాంటిదే. నరసింహ గారు తన బృందంతో ప్రయోగశాలలో ఒక నీళ్ళ తొట్టిలోనే మబ్బును తయారు చేశారు. కింది నుంచి వేడి ధారను పైకి పంపి, కొంత ఎత్తున విద్యుత్తుతో దానికి మరింత వేడి అందించారు. ఆవిరి నీటిచుక్కలుగా మారేటప్పుడు మబ్బులో విడుదలయ్యే వేడికి అది బదులు. ఆ ధార తొట్టిలో అచ్చం ఆకాశంలోని మబ్బులా గుత్తులు గుత్తులుగా విరిసింది. 2011లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. వాన పుట్టే చోట జరిగే పని అంత చిన్నది, అంత చంచలమైనది. 2025 మే నెలలో మన దేశం మొదలుపెట్టిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ లెక్కలో ఒక్కో గడి ఆరు కిలోమీటర్లు. ప్రపంచంలో అంత సన్నని గడులతో లెక్క వేయడం చిన్న విషయం కాదు. అయినా ఆ గడిలో మా చెరువు కట్ట మీద కురిసి, పక్క పల్లె కళ్ళం ఎండిపోయే వాన విడిగా కనబడదు.

ఇక ఆ టీకొట్టు ప్రశ్నకు వస్తాను. ‘ఒకటి రెండు చోట్ల’ అనేది ఊరికే అన్న మాట కాదు. దానికి కొలత ఉంది. ఆ ప్రాంతంలోని వాన కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా పడితే ఒకటి రెండు చోట్ల. నాలుగో వంతు నుంచి సగం దాకా అయితే కొన్ని చోట్ల. సగం దాటి ముప్పాతిక దాకా చాలా చోట్ల. ఆపైన దాదాపు అన్ని చోట్లా. అలాగే ‘తేలికపాటి’ అంటే రెండున్నర నుంచి పదిహేనున్నర మిల్లీమీటర్లు, ‘మోస్తరు’ అంటే అక్కణ్ణించి 64 దాకా, ‘భారీ’ అంటే అంతకు పైన. మోస్తరు అన్న చిన్న మాటలో 60 మిల్లీమీటర్ల వాన ఇముడుతుంది. శెనక్కట్టె కుప్పకు అది మోస్తరు కాదు.

చాలా ఏళ్ళ కిందట నేనే ఈ తప్పు చేశాను. ఒకటి రెండు చోట్లంటే మన ఊరు ఎందుకవుతుందిలే అనుకున్నాను. కుప్పకు పట్ట కప్పలేదు. రాత్రి రెండింటికి మొదలైన వాన తెల్లారేదాకా ఆగలేదు. కాయ నల్లబడింది, కట్టె బూజు పట్టింది. ఆ బూజు కట్టెను మా ఎద్దులు మూతి పెట్టి, వదిలేసి, నా వైపు చూశాయి. ఆ ఏడాది మేత కొని తెచ్చాను.

అప్పటినుంచి నేను వేసుకునే లెక్క ఇది. వాన వస్తుందా అని కాదు, వస్తే నాకు పోయేదెంత, ముందే కాచుకుంటే అయ్యేదెంత అని అడుగుతాను. పట్ట కప్పి, గాలికి లేవకుండా రాళ్ళు పెట్టే పని ఇద్దరికి ఒక పూట. తడిస్తే పోయేది దానికి పదింతలో, ఇరవై ఇంతలో. అలాంటప్పుడు పదిలో ఒక పాలు అవకాశం ఉన్నా కప్పుకోవాల్సిందే. కప్పినాక వాన రాకపోతే బులెటిన్‌ను తిట్టకూడదు. అదే రోజు, అదే బులెటిన్‌తో, కందికి మందు కొట్టాలా అన్నది వేరే లెక్క. పూత మీద మబ్బు పట్టిందంటే కాయతొలుచు పురుగు, మారుకా పురుగు పెరుగుతాయి. ఒక్కరోజు వాయిదా వేస్తే మునిగేది లేదు, కొట్టిన గంటకే వాన పడితే మందు డబ్బంతా నేలపాలు. అక్కడ ‘కొన్ని చోట్ల’ అన్నప్పుడు ఆగడమే మేలు. ఇంకా పీకని చేను అయితే అన్నిటికంటే కష్టం. పీకితే తడుస్తుందన్న భయం, పీకకపోతే కాయ భూమిలోనే మొలకెత్తుతుందన్న భయం. ఐదు రోజుల అంచనాలో వరసగా పొడి రోజులు కనిపించినప్పుడే పీకమంటాను. ఈ మాట మీద నాకు గట్టి నమ్మకం ఉంది.

ధర్మవరం నేతన్నలకు లెక్క ఇంకో రకం. గుంత మగ్గం కింద నీళ్ళు ఊరితే కాళ్ళు పెట్టే చోటు ఉండదు. వీధిలో పడుగు సాగదీసేది ఆగిపోతుంది. గాలిలో చెమ్మ ఎక్కువైతే పట్టు పోగు బిగువు తప్పుతుంది. వరదలొచ్చి చెరువు నిండిందని రైతు సంతోషించిన వారమే నేతన్న ఇంట పొయ్యి మీద అనుమానం ఉంటుంది. హిందూపురం మార్కెట్‌కు గూళ్ళు తోలే రైతులకు చలి, చెమ్మ రెండూ శత్రువులే. పట్టుపురుగుకు 24 నుంచి 28 డిగ్రీల వేడి కావాలి. అది తగ్గితే పురుగు మేత తగ్గిస్తుంది, జ్వరం నుంచి, అంటే కుబుసం విడిచే నిద్ర నుంచి, లేవడం ఆలస్యమవుతుంది. చల్లటి ముసురులో సున్నపుకట్టు రోగం అంటుకుంటే షెడ్డు షెడ్డంతా తెల్లబడుతుంది. కుంపటి పెట్టండి, కాని గాలి ఆడేట్టు చూడండి. మంచు తడి ఆరినాకే మల్బరీ ఆకు కోయండి. గొర్రెలున్నవాళ్ళకు ఒక్క మాట. ఇంగారు ముసురు వెంట వచ్చే చిన్న దోమలే మూతివాపు రోగాన్ని, అంటే నీలినాలుక వ్యాధిని, మంద నుంచి మందకు మోస్తాయి. టీకా వేయించనివాళ్ళు పశువుల డాక్టరును కలవండి.

మంచు మాట వచ్చింది కాబట్టి అది కూడా చెప్పేస్తాను. మా వీధిలో ఒక అవ్వ మనవడు అమెరికాలో మిన్నెసోటాలో ఉంటాడు. ఫోను చేసి, "అవ్వా, ఈడ మంచు పడతాంది" అన్నాడు. అవ్వ సంబరపడి, "పడనీ నాయనా, అనపచెట్టుకు మంచిది" అంది. ఇద్దరూ నిజమే మాట్లాడారు. ఆకు మీద బిందువూ మంచే, దారి కనబడనివ్వని పొగా మంచే, అమెరికాలో దూదిలా రాలేదీ మంచే. మన తెలుగు ఈ మూడింటికీ ఒకే పేరు పెట్టుకుంది.

మన ఆకాశంలోనూ ఆ మూడోరకం మంచు ఉంది. నేలకు దాదాపు ఐదు కిలోమీటర్ల ఎత్తున గాలి గడ్డకట్టేంత చల్లన. ఎత్తుగా పెరిగిన వానమబ్బు తలలో ఉండేది మంచు పలుకులే. అవి దిగుతూ దిగుతూ కరిగి మన మీద నీళ్ళుగా పడతాయి. రొద్దంలో ఈ చలికాలం హిమపాతం ఉంటుందా అని అడిగితే మాత్రం ఉండదని ఒక్క మాటలో చెప్పగలను.

చలి మాత్రం ఉంటుంది. హిందూపురం సముద్రమట్టానికి 620 మీటర్ల ఎత్తున ఉంది, ధర్మవరం దానికి 275 మీటర్లు దిగువన. కిలోమీటరు పైకెక్కితే ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందన్న లెక్కన రెండు ఊళ్ళకూ దాదాపు రెండు డిగ్రీల తేడా. మబ్బు కప్పిన రాత్రి వెచ్చగానే ఉంటుంది, దుప్పటి కప్పుకున్న నేల కదా. మబ్బు విడిపోయిన రాత్రి నేలలోని వేడంతా ఆకాశానికి పోతుంది. వాన పడి, నేల తడిగా ఉండి, మరుసటి రాత్రి ఆకాశం తేటపడి, గాలి ఆగిపోయిందా, తెల్లవారికి పొగమంచు ఖాయం. పెనుకొండ, సోమందేపల్లి మీదుగా 44వ జాతీయ రహదారిపై తెల్లవారుజామున కూరగాయలు, పూలు తోలేవాళ్ళు దీన్ని గుర్తు పెట్టుకోండి. వాన రోజు కంటే వాన వెలిసిన మరుసటి పొద్దు ఆ దారిలో ఎక్కువ ప్రమాదం. ముందు పోయే లారీ ఎర్రదీపం కనబడేసరికి ఆలస్యమైపోతుంది. దయచేసి సూర్యుడు పైకొచ్చేదాకా ఆగండి.

ఆ మంచే మరో చోట వరం. అనపకాయ దానికే పాలుపోసుకుంటుంది. మంచు బాగా దిగిన ఏడు కాయ చేతికి అంటుకునేంత వాసన. సంక్రాంతి దాకా ఇంటింటా పితికిపప్పు, రాగి ముద్ద. వాన తప్పిపోయిన ఏడు కూడా ఉలవచేను మంచుతోనే నాలుగు గింజలు ఇస్తుందని మా నాన్న అనేవాడు.

మంగళ, శుక్రవారాల్లో రైతులకు వ్యవసాయ వాతావరణ సలహాలు వస్తాయి. గురువారం నాడు వాతావరణ శాఖ రాబోయే వారాల మొగ్గు చెబుతుంది. ఫోను ఉన్నవాళ్ళు మేఘదూత్ చూసుకోవచ్చు, పిడుగులకు దామిని ఉంది. రెండు మూడు రోజుల మాటను నమ్మి పని పెట్టుకోండి. ఐదో రోజు మాటను మనసులో ఉంచుకోండి. రెండు వారాల మాటతో అప్పు చేయకండి.

నిన్న సాయంత్రం గాలి తూర్పుకు తిరిగింది. పొద్దున బులెటిన్‌లో మళ్ళీ అదే మాట: రాయలసీమలో ఒకటి రెండు చోట్ల. ఇక్కడికి రావడానికి అనంతపురం బస్సెక్కే ముందు చేనికి పోయి మా కుప్పకు పట్ట కప్పి, చుట్టూ రాళ్ళు పెట్టి వచ్చాను. ఆ రైతు కుప్పకు కూడా ఇద్దరం కలిసి కప్పాం.